చేతికి రాని డబ్బుకు పన్ను కట్టాను: నా ఈసాప్ అనుభవం

మా తిరుపతిలో ఇంటి నుంచే బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ కంపెనీలకు పని చేసే పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కరోనా రోజుల్లో వచ్చి ఇక్కడే నిలిచిపోయిన వాళ్లు కొందరు, ఆ తర్వాత ఇక్కడి నుంచే ఉద్యోగం తెచ్చుకున్న వాళ్లు కొందరు. ఉద్యోగం మారేటప్పుడు వాళ్లలో కొందరు ఆఫర్ లెటర్ పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. జీతం గురించి అడగడానికి కాదు. జీతం కింద ఈసాప్స్ అని ఇంకో అంకె ఉంటుంది, అంటే కంపెనీ షేర్లను ముందే రాసుకున్న ధరకు కొనుక్కునే హక్కు (ఆప్షన్). దాని గురించి. "అక్కా, ఈసాప్స్ పన్నెండు లక్షలని వేసినారు. ఇది నిజంగా వచ్చేదేనా?" అని.

వస్తుందో రాదో నేను చెప్పలేను. ఆ కాగితం నుంచి బ్యాంకు ఖాతా దాకా మధ్యలో ఏమేం జరుగుతుందో మాత్రం చెప్పగలను. ఆ దారంతా నేను నడిచాను కాబట్టి రాస్తున్నాను.

2018లో బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని ప్రైవేటు కంపెనీ అది. జీతం నేను అడిగినంత ఇవ్వలేమని, ఆ తేడాకు ఈసాప్స్ ఇస్తామని హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్లో చెప్పింది. చేరిన కొన్ని నెలలకు గ్రాంట్ లెటర్ వచ్చింది. అందులో ఎన్ని ఆప్షన్లు, ఒక్కో షేరు ఎంతకు కొనుక్కోవచ్చు, ఏ తేదీకి ఎన్ని నావి అవుతాయి, ఇవి మాత్రమే ఉన్నాయి. ఆఖర్న చిన్న అక్షరాల్లో "కంపెనీ స్కీమ్ నిబంధనలకు లోబడి" అని ఒక వాక్యం.

అసలు సంగతంతా ఆ స్కీమ్‌లోనే ఉంటుంది. అది వేరే పత్రం. అడిగితేనే ఇస్తారు, నాకైతే రెండు మూడుసార్లు గుర్తు చేశాక ఇచ్చారు. ఉద్యోగం మానేస్తే ఏమవుతుంది, ఎన్నాళ్లలో కొనుక్కోవాలి, షేర్లు బయటివాళ్లకు అమ్మవచ్చా, కంపెనీ చేతులు మారితే మన ఆప్షన్ల గతేమిటి, అన్నీ అక్కడే ఉంటాయి. ఆ పత్రం చూడకుండా ఆఫర్ లెటర్‌లోని అంకెను జీతంలో కలిపి లెక్క వేసుకోవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను.

మా నాయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. పీఎఫ్, గ్రాట్యుటీ తప్ప కంపెనీ ఇచ్చే వేరే డబ్బు ఏదీ ఆయన ఎరగడు. "ఇన్ఫోసిస్ వాళ్లు షేర్లు ఇచ్చి అందర్నీ లక్షాధికారుల్ని చేసినారంట గదా, నీకూ అట్లనే ఇచ్చినారా పాపా?" అని సంతోషపడ్డాడు. ఇన్ఫోసిస్ ఈ పథకం మొదలుపెట్టింది 1994లో. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ మార్కెట్లో లిస్టయింది. అంటే షేరు చేతికి వచ్చినవాళ్లకు అమ్ముకునే చోటు కూడా ఉంది. లిస్ట్ కాని కంపెనీలో ఆ చోటే ఉండదు. నాయనకు ఇది అర్థమయ్యేలా చెప్పాలని స్థలం కొనుగోలు లెక్కతో చెప్పాను. తిరుచానూరు వైపు ఒక ప్లాటుకు ఈరోజు ధరకే అగ్రిమెంటు రాసుకున్నాం అనుకో నాయనా, నాలుగేళ్లలో ఎప్పుడైనా ఆ ధరకే రిజిస్టర్ చేయించుకోవచ్చు. అప్పటికి ధర పెరిగితే లాభం మనది. తగ్గితే రిజిస్టర్ చేయించుకోం, అంతే. ఆయన కాసేపు ఆలోచించి ఒకటే అడిగాడు. "మరి రిజిస్ట్రేషన్ ఖర్చు? స్టాంపు డ్యూటీ మనం రాసుకున్న ధర మీద కాదు గదా, గవర్నమెంటు విలువ మీద వేస్తాడు." ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఎక్కువ కష్టపెట్టింది సరిగ్గా అలాంటి ఖర్చే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

న్యూజెర్సీలో ఉన్న మా ఆయన వాళ్ల చిన్నాయన కొడుకు ఇంకో మాట చెప్పి నన్ను తికమక పెట్టాడు. "మా కంపెనీలో కూడా ఈసాప్ ఉంది వదినా" అని మా ఆయనతో ఫోన్లో మాట్లాడుతూ నాతో సరదాగా మొదలుపెట్టి, "మేం పైసా కట్టక్కర్లేదు, రిటైరయ్యేటప్పుడు కంపెనీయే వెనక్కి కొంటుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే, కానీ అది వేరే పథకం. అమెరికాలో ఆ పేరుతో నడిచేది ఒక రకం రిటైర్మెంట్ ప్లాన్. లూయీ కెల్సో అనే లాయరు 1956లో పెనిన్సులా న్యూస్‌పేపర్స్ అనే సంస్థలో దాన్ని మొదటిసారి అమల్లో పెట్టాడు. యజమాని తప్పుకోవాలనుకున్నప్పుడు ఉద్యోగుల తరఫున ఒక ట్రస్టు పెడతారు. ట్రస్టు అప్పు తెచ్చి యజమాని షేర్లు కొంటుంది, ఆ అప్పును కంపెనీ లాభాల్లోంచి తీరుస్తుంది, తీరే కొద్దీ షేర్లు ఉద్యోగుల ఖాతాల్లోకి వెళ్తాయి. 1974లో వచ్చిన పెన్షన్ చట్టం దానికి గట్టి పునాది వేసింది. మన దగ్గర ఈసాప్ అంటే షేరు కాదు, షేరు కొనుక్కునే హక్కు. డబ్బు మనమే కట్టాలి. ఈ తేడా తెలియకుండా అమెరికా సంగతులు చదివి ఇక్కడి లెక్క వేసుకుంటే ఏదీ కుదరదు.

మన దగ్గర దీనికి 2013 కంపెనీల చట్టం ఉంది, లిస్టయిన కంపెనీలకైతే దానితోపాటు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లో తెచ్చిన నిబంధనలు. ఆప్షన్ ఇచ్చిన రోజు నుంచి కనీసం ఒక ఏడాది గడవకుండా ఏ ఆప్షనూ మనది కాదు. ఇది చట్టం పెట్టిన హద్దు, కంపెనీ తగ్గించలేదు. నాకు మొదటి ఏడాది నిండగానే నాలుగో వంతు, మిగతావి తర్వాతి మూడేళ్లలో మూడు నెలలకోసారి కొన్ని చొప్పున నావయ్యేలా రాశారు. ఆ పదకొండో నెలలో మానేసినవాళ్లకు ఒక్కటీ రాదు. ఆప్షన్ చేతిలో ఉన్నంత మాత్రాన డివిడెండ్ రాదు, ఓటు ఉండదు, తాకట్టు పెట్టుకోవడానికీ ఇంకొకరికి రాసివ్వడానికీ లేదు. ఉద్యోగి చనిపోతే మాత్రం అప్పటిదాకా ఇచ్చిన ఆప్షన్లన్నీ, గడువు నిండనివి కూడా, ఆ రోజుకే వారసులకో నామినీకో చెందుతాయి. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు. ఇంట్లో ఎవరికైనా ఈసాప్స్ ఉంటే ఆ కాగితాలు ఎక్కడున్నాయో ఇంకొకరికి చెప్పి ఉంచాలి.

ఆ ఏళ్లు చెప్పుకోదగ్గ విశేషం లేకుండా గడిచాయి. కంపెనీలోకి కొత్త పెట్టుబడి వచ్చిన ప్రతిసారీ ఆఫీసులో కేకు కోసేవారు, మా షేరు విలువ ఇంత పెరిగిందని మెయిల్ వచ్చేది. నేను అడిగిన ప్రశ్న ఒకటే: మొత్తం షేర్లు ఎన్ని? నా దగ్గర ఎన్ని ఆప్షన్లు ఉన్నాయన్నది ఒక్కటే తెలిస్తే ఏమీ తెలిసినట్టు కాదు. లక్ష షేర్ల కంపెనీలో వెయ్యి వేరు, కోటి షేర్ల కంపెనీలో వెయ్యి వేరు. కొత్త పెట్టుబడికి కొత్త షేర్లు పుట్టిస్తారు కాబట్టి మన వాటా శాతం తగ్గుతూ పోతుంది. ఇంకొకటి, కంపెనీ అమ్ముడుపోతే ముందు పెట్టుబడిదారులు తాము పెట్టిన డబ్బు తీసుకునేలా ఒప్పందాలు ఉంటాయి. వాళ్లు తీసుకున్నాక మిగిలితేనే మనలాంటి మామూలు షేర్లకు. నాతో ఇంతకు ముందు పనిచేసిన ఒకతను తర్వాత చేరిన కంపెనీ అలాగే తక్కువ ధరకు అమ్ముడుపోయింది. అతని ఆప్షన్లకు ఏమీ రాలేదు. అందరూ కేకు తిన్నవాళ్లే.

2022 మొదట్లో అమ్మకు ఆపరేషన్ అయింది. కొన్ని నెలలు ఇంట్లో ఉండక తప్పదని ఉద్యోగం మానేశాను. ఈసాప్ అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. నా స్కీమ్ ప్రకారం, ఆఖరి పని దినం నుంచి మూడు నెలల్లోపు డబ్బు కట్టి షేర్లు తీసుకోవాలి. లేకపోతే నాలుగేళ్లు పనిచేసి సంపాదించుకున్న ఆప్షన్లన్నీ రద్దు. ఇలా మూడు నెలలే గడువు పెట్టే కంపెనీలు చాలా ఉన్నాయి.

కట్టాల్సింది ఎంత? చిన్నదే అనుకుంటారు అందరూ. నా సొంత అంకెలు కాకుండా గుండ్రటి అంకెలతో చెబుతాను. వెయ్యి ఆప్షన్లు, ఒక్కోటి 10 రూపాయలకు కొనుక్కోవచ్చు అనుకోండి. 10,000 రూపాయలతో పని అయిపోతుందనిపిస్తుంది. కానీ ఆ రోజుకు షేరు విలువ 410 అని మర్చంట్ బ్యాంకరు లెక్కగట్టి ఉంటే, తేడా 400 చొప్పున 4 లక్షలు నాకు జీతంగా వచ్చినట్టే ఆదాయపు పన్ను చట్టం చూస్తుంది. 30 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 1,24,800 రూపాయలు పన్ను. మొత్తం 1,34,800 మన జేబులోంచి కట్టాలి. బదులుగా వచ్చేది అమ్ముకునే చోటు లేని షేర్లు. ఉద్యోగం మానేసిన తర్వాత తీసుకున్నా అది జీతం కిందికే వస్తుంది, కాబట్టి పన్ను డబ్బు ముందే పంపితేనే షేర్లు ఇస్తామని కంపెనీ చెప్పింది. జీతమే లేనప్పుడు దాంట్లోంచి పట్టుకోవడానికి వీల్లేదు కదా.

ఇది న్యాయం కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. చేతికి రూపాయి రాకముందే రూపాయి వచ్చినట్టు పన్ను అడగడం మామూలు జీతగాళ్లకు మోయలేని భారం. 2020 బడ్జెట్‌లో స్టార్టప్ ఉద్యోగులకు ఒక వెసులుబాటు ఇచ్చారు. షేర్లు అమ్మినప్పుడు గానీ, ఉద్యోగం మానేసినప్పుడు గానీ, లేదా షేర్లు వచ్చిన ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది ముగిశాక నాలుగేళ్లకు గానీ, వీటిలో ఏది ముందైతే అప్పుడు పన్ను కట్టవచ్చు. వినడానికి బాగుంది. కానీ అది స్టార్టప్‌గా నమోదైన ప్రతి కంపెనీకీ వర్తించదు. కేంద్ర ప్రభుత్వంలో వివిధ మంత్రిత్వ శాఖలు కలిసి ఉండే బోర్డు (ఇంటర్ మినిస్టీరియల్ బోర్డు) దగ్గర విడిగా సర్టిఫికెట్ తెచ్చుకున్న వాటికే. మా కంపెనీకి అది లేదు. ఉన్నా, ఉద్యోగం మానేసిన నాలాంటి దానికి ఉపయోగం లేదు.

బాలాజీ కాలనీలో మా కుటుంబానికి తెలిసిన ఆడిటర్ గారు ఉన్నారు. లాడ్జీలు, ట్రావెల్స్, టీచర్ల రిటర్నులు ఆయన రోజువారీ పని. ఈసాప్ కేసు తన దగ్గరికి అరుదుగా వస్తుందని చెప్పి, స్కీమ్ పత్రం ప్రతి పేజీ తిప్పి చదివారు. చదివాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మీ గడువు ఏప్రిల్ దాటుతుందా?" దాటుతుంది. "అయితే మార్చిలో తీసుకోవద్దు. ఏప్రిల్ 1 తర్వాత షేర్లు అలాట్ అయ్యేలా చూసుకోండి. ఆ ఏడాది మీకు కొన్ని నెలలు జీతం ఉండదు కదా, ఆదాయం తక్కువ స్లాబులో మొదలవుతుంది." విలువ కట్టేది మనం ఆప్షన్ వాడుకున్న రోజు లెక్కన, పన్ను పడేది షేర్లు మన పేరున వచ్చిన ఆర్థిక సంవత్సరంలో. ఈ చిన్న కదలిక వల్ల నాకు మిగిలింది చిన్న మొత్తం కాదు. మంచి ఆడిటర్‌కు ఇచ్చే ఫీజు వృథా కాదని గట్టిగా నమ్ముతాను.

ఎన్ని తీసుకోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అన్నీ తీసుకుందామంటే నా సేవింగ్స్ చాలవు. అమ్మ తన గాజులు తీసి బల్ల మీద పెట్టింది. వద్దన్నాను. బంగారం తాకట్టు పెట్టి లిస్ట్ కాని కంపెనీ షేర్లు కొనడం ఎవరికీ చెప్పను, నేనూ చేయను. పూర్తిగా పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత మొత్తం ఎంతో నేనూ మా ఆయనా కూర్చుని తేల్చుకున్నాం. అది ఆప్షన్లలో సగం కంటే కొంచెం తక్కువకు సరిపోయింది. మిగతావి వదిలేశాను. వదిలేసిన రోజు బాధగా అనిపించింది, నాలుగేళ్ల పని కదా. అయినా ఆ హద్దు మీద నిలబడ్డాను.

తర్వాతి నడక విసుగు పుట్టించింది. ఆ నెల షేరు విలువ ఎంతో చెప్పమంటే హెచ్‌ఆర్ ఫైనాన్స్‌ను అడగమంది, ఫైనాన్స్ ఏమో షేర్ల రికార్డులు చూసే సెక్రటేరియల్ విభాగాన్ని అడగమంది. లిస్ట్ కాని షేరుకు మర్చంట్ బ్యాంకరు ఇచ్చిన విలువ 180 రోజులకంటే పాతది కాకూడదు. వాళ్ల దగ్గరున్నది పాతబడిందని, కొత్తది రావాలని ఆలస్యం చేశారు. గడువు నాకు నడుస్తూనే ఉంది. ఫోన్లు మానేసి ప్రతిదీ మెయిల్లోనే అడగడం మొదలుపెట్టాను. "నా గడువు ఫలానా తేదీ, ఆలోపు నా దరఖాస్తు అందినట్టు రాసివ్వండి" అని. అలా రాసిచ్చాక టెన్షన్ తగ్గింది. డబ్బు, పన్ను రెండూ వేర్వేరుగా పంపి, రెండింటికీ రసీదు అడిగి తీసుకున్నాను. బోర్డు మీటింగ్ తర్వాత షేర్ సర్టిఫికెట్ కొరియర్‌లో వచ్చింది. ఆ ఏడాది ఫారం 16తోపాటు ఫారం 12బీఏలో ఈసాప్ మొత్తం చూపించారు, పన్ను నా పాన్ మీద పడిందో లేదో, మన పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో చూసుకున్నాను.

ఇక్కడ ఒక మాట. లిస్ట్ కాని కంపెనీ షేరు ఒక్కటి ఉన్నా ఆ ఏడాది ఐటీఆర్ 1 అనే సులువైన రిటర్ను ఫారం వేయకూడదు. ఐటీఆర్ 2 వేసి, ఆ కంపెనీ పేరు, పాన్, షేర్ల సంఖ్య, కొన్న ధర చూపించాలి. ఏదీ అమ్మకపోయినా సరే. ప్రతి ఏడాదీ.

షేరు చేతికి రాగానే నా హోదా మారింది. వాటాదారుల సమావేశానికి నోటీసు, దాంతోపాటు బ్యాలెన్స్ షీటు మెయిల్‌లో వచ్చేవి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కేకు ముక్కలతో సరిపెట్టుకున్న నాకు, కంపెనీకి ఎంత ఆదాయం, ఎంత నష్టం, చేతిలో ఎంత నగదు ఉందో మొదటిసారి తెలిసింది. నష్టం ఏటేటా తగ్గుతోందని చూశాక కొంత ధైర్యం వచ్చింది.

2025లో ఒక పెట్టుబడిదారు వచ్చి, పాత, కొత్త ఉద్యోగుల దగ్గరున్న షేర్లు కొన్ని కొంటానన్నాడు. ప్రైవేటు కంపెనీలో మనకు నచ్చినవాళ్లకు అమ్మడానికి వీలుండదు. బోర్డు ఒప్పుకోవాలి, కాబట్టి ఇలాంటి అవకాశం వచ్చినప్పుడే. కానీ నా దగ్గరున్నది కాగితం సర్టిఫికెట్. చిన్న కంపెనీలను మినహాయించి ప్రైవేటు కంపెనీల షేర్లు కూడా డీమ్యాట్‌లో, అంటే కాగితం కాకుండా ఎలక్ట్రానిక్ రూపంలో ఉండాలని 2023 అక్టోబరులో కేంద్రం నిబంధన తెచ్చింది. డీమ్యాట్ చేస్తేనే అమ్మకం.

డీమ్యాట్ ఖాతా నాకు ముందే ఉంది. డీమ్యాట్‌లోకి మార్చమని అడిగే డీఆర్ఎఫ్ ఫారం నింపి, సర్టిఫికెట్‌తో కలిపి బ్రోకర్ ఆఫీసులో ఇచ్చాను. కొన్నాళ్లకు తిరిగొచ్చింది. కారణం, మన ఇళ్లలో అందరికీ తెలిసినదే: సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, డీమ్యాట్‌లో, పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి, కంపెనీ నుంచి లేఖ తెప్పించి మళ్లీ పంపాను. ఈలోగా అమ్మకం గడువు ముగుస్తుందేమోనని నిద్ర సరిగ్గా పట్టలేదు. చివరికి షేర్లు ఖాతాలో కనిపించాయి. గ్రాంట్ లెటర్ వచ్చిన రోజే అందులో పేరు పాన్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూసి, లేకపోతే అప్పుడే సరిచేయించుకోండి. అప్పుడు ఒక మెయిల్‌తో పోయే పని ఇది.

ఉన్నవాటిలో కొన్ని అమ్మాను. లిస్ట్ కాని షేర్లు 24 నెలలు దాటి ఉంచుకుంటే దీర్ఘకాలిక లాభం కిందికి వస్తుంది, పన్ను 12.5 శాతం. లాభాన్ని లెక్కగట్టేది నేను కట్టిన 10 రూపాయల నుంచి కాదు, అప్పట్లో జీతం లెక్కకు తీసుకున్న 410 విలువ నుంచి. పై ఉదాహరణలోనే వెయ్యి షేర్లు 600కు అమ్మితే లాభం 1,90,000, సెస్సుతో పన్ను 24,700. లిస్టయిన షేర్లకుండే 1.25 లక్షల మినహాయింపు వీటికి లేదు.

అదే ధర 250కి పడిపోయి ఉంటే? అప్పుడు 1,60,000 మూలధన నష్టం. ముందు జీతంగా చూపి కట్టిన 1,24,800లో పైసా వెనక్కి రాదు. ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికీ లేదు, ఎనిమిదేళ్లలో వేరే దీర్ఘకాలిక లాభం వస్తే దానితోనే సరిపెట్టుకోవాలి. నాకు ధర పెరిగింది. నాతోపాటు అదే నెలలో మరో కంపెనీలో షేర్లు తీసుకున్న స్నేహితురాలికి పెరగలేదు. ఆమె ఇప్పటికీ ఆ నష్టాన్ని రిటర్నులో మోస్తూ వస్తోంది. తెలివిలో మా ఇద్దరికీ తేడా లేదు, కంపెనీల్లోనే తేడా.

అందుకే ఆఫర్ లెటర్ తెచ్చిన పిల్లలకు ముందు ఒక్క ప్రశ్న పెడతాను, మానేశాక ఎన్నాళ్లు గడువు అని. ఏళ్ల తరబడి గడువు ఇచ్చే కంపెనీలు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నాయి. అలాంటి చోట కొనుగోలుదారు వచ్చేదాకా ఆగి, ఒకేసారి తీసుకొని అమ్మవచ్చు, పన్ను డబ్బు ఆ అమ్మకంలోంచే వస్తుంది. మూడు నెలలే అంటే ఆ ఈసాప్స్ విలువ నా లెక్కలో సగానికి పడిపోతుంది. మొన్న కొర్లగుంట నుంచి వచ్చిన అబ్బాయి ఈ ప్రశ్న హెచ్‌ఆర్‌ను అడిగాడు. స్కీమ్ మార్చలేమన్నారట, కానీ జీతం కొంత పెంచి ఆప్షన్లు తగ్గించారు. అతను ఒప్పుకున్నాడు.

నేను ఇప్పుడు పనిచేస్తున్న చోట కూడా ఈసాప్స్ ఇచ్చారు. ఇక్కడ గడువు మానేసిన తర్వాత అయిదేళ్లు. పాత కంపెనీ షేర్లు ఇంకా కొన్ని డీమ్యాట్‌లోనే ఉన్నాయి, నామినీగా మా ఆయన పేరు రాయించాను. ఈ ఏడాది బ్యాలెన్స్ షీటు వచ్చాక చూసి, వాటి సంగతి తేల్చుకుంటాను.